ఇప్పుడు తెరిచి ఉంది

మా బావగారు పాడిన ఆఖరి పద్యాలను ఆయన చెల్లెలు, అంటే మా ఆవిడ, వినలేదు. ముందు వరసలో మూడో కుర్చీలో కూర్చుని కూడా వినలేదు. అందుకు కారణమైన మనిషి తెనాలిలో చెవి మిషన్ల షాపు నడుపుతాడు. అతని మీద పగ ఎలా తీర్చుకున్నానో రాస్తున్నాను. పగ అనే మాట పెద్దది, నా వయసుకు తగదు అని కొందరు అనవచ్చు. వాళ్ళు ఆ కుర్చీ పక్కన కూర్చోలేదు.

నేను చక్కెర ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కార్మికులు గేటు లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్ళిన వేళ రాయడమే నా పని. ఆ అలవాటు ఇంట్లోనూ పట్టుకుంది. రోజూ డైరీ రాస్తాను. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, బండి ఎన్ని నిమిషాలు లేటు, ఇవన్నీ ఉంటాయి. రేపల్లెలో మా ఇంటి అటక మీద అవి అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇక్కడ రాసే వేళలన్నీ వాటిలోంచి తీసినవే.

బావగారు బాపట్లలో ఉంటారు. కుర్రతనం నుంచీ పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడారు. గొంతులో గడ్డ వచ్చింది, ఆపరేషన్ తప్పదన్నారు. ఆపరేషన్ అయ్యాక గొంతు ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని తెనాలిలోని స్నేహితులు ఒక ఆదివారం సాయంత్రం సభ పెట్టారు. ఆయన ఆ ఒక్కసారి పాడతారు, ఆ తరవాత ఇక పాడరు. ఈ సంగతి అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ శుక్రవారం సాయంత్రం మా ఆవిడ చెవి మిషను మూగబోయింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి ఆమెకి. మిషను లేకపోతే పక్కన పళ్ళెం పడినా తిరిగి చూడదు. బ్యాటరీ మార్చాను, పలకలేదు. గుంటూరులో ఇంకో షాపుకి ఫోన్ చేస్తే, ఎవరు అమర్చిన మిషను వాళ్ళే చూడాలి, దాని లెక్కలన్నీ వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటాయన్నారు.

శనివారం పొద్దున ఫోన్లో, ఆ మిషను అమర్చిన తెనాలి షాపు వాళ్ళ సైటు తెరిచాను. పైన ఆకుపచ్చ అక్షరాల్లో 'ఇప్పుడు తెరిచి ఉంది' అని ఉంది. కింద పది నుంచి ఎనిమిది వరకు, ఆదివారం సెలవు అని ఉంది. ఇద్దరం బండెక్కాం. వేమూరు దాటాక మళ్ళీ చూశాను. తెరిచి ఉంది. తెనాలి స్టేషనులో దిగి ఆటో ఎక్కుతూ చూశాను. తెరిచే ఉంది.

షట్టరుకి రెండు వైపులా తాళాలు ఉన్నాయి.

షట్టరు మీద రాసిన నంబరుకి చేస్తే లోపల ఫోన్ మోగడం బయటికి వినిపించింది. నాకు వినిపించింది. మా ఆవిడ నా ముఖం చూస్తూ నిలబడింది. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ చూసి జాలిపడి, షాపు ఆసామి సొంత నంబరు ఇచ్చింది. అతను ఎత్తాడు.

"ఇవాళ అమావాస్య కదండి. మేం షాపు తియ్యం."

"మీ సైటులో తెరిచి ఉందని ఉంది బాబూ. చూసుకునే రేపల్లె నుంచి వచ్చాం."

"అది కంప్యూటర్ చెప్పిందండి, నేను కాదు. ఒక ఫోన్ కొట్టి రావాల్సింది పెద్దాయనా."

సభ సంగతి చెప్పాను. బావగారి గొంతు సంగతి చెప్పాను. మీరు ఎక్కడున్నారని అడిగాను.

"ఊళ్ళోనే ఉన్నానండి, రెండు వీధుల అవతల. మా వాళ్ళది చీరాల వైపు మగ్గాల ఇల్లు. అమావాస్య నాడు మగ్గం కదిలించరు. షాపైనా అంతే, తాళం ముట్టుకోం. సోమవారం రండి, ఒక్క సభకేగా."

అతని ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు. మా నాన్న కూడా అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకునేవాడు కాదు. ఆచారం ఉన్నవాడు దాన్ని సైటులో రాయాలి. ఆదివారం సెలవని రాసినవాడు అమావాస్య అని రాయలేదు. అది అందరికీ తెలుసులే అనుకున్నాడు. ఆ రోజు డైరీలో ఈ సంభాషణ మొత్తం రాశాను. 'ఒక్క సభకేగా' అన్న మాట కింద గీత గీశాను. నా డైరీల్లో గీతలు తక్కువ.

ఆదివారం సభలో బావగారు గంటా పది నిమిషాలు పాడారు. నొప్పి వచ్చినప్పుడల్లా హార్మోనియం మీద చెయ్యి వేసి ఆగేవారు. జనం లేచి చప్పట్లు కొట్టినప్పుడు మా ఆవిడ కూడా లేచి కొట్టింది, పక్కవాళ్ళని చూసి, ఒక క్షణం ఆలస్యంగా. మధ్యలో ఆయన ఆమె వైపు చూసి ఒక పద్యం ఎత్తుకున్నారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇద్దరికీ నేర్పిన పద్యం అది. ఆమె నవ్వుతూ తలాడించింది. ఏ పద్యమో ఆమెకి తెలియదు. ఇంటికొచ్చాక నేను కాగితం మీద రాసి చూపిస్తే తెలిసింది. ఆ కాగితం మడిచి చీర కొంగున కట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సభని ఫోన్లో రికార్డు చేశారు. తరవాత వినిపించాను. "మైకు వినపడుతోందండీ, అన్నయ్య కాదు" అని ఆపేయమంది.

సోమవారం షాపులో మిషను బాగుచేశారు. లోపల సన్న తీగ దగ్గర తేమ చేరిందట. తుడిచి ఆరబెట్టి ఇచ్చారు. గోడ గడియారం చూశాను. తొమ్మిది నిమిషాలు పట్టింది.

బావగారి కూతురు బాపట్లలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరు. ఆపరేషన్ అయ్యాక ఆయన్ని చూడటానికి వెళ్ళినప్పుడు, షాపు తెరిచి ఉందో లేదో కంప్యూటరుకి ఎలా తెలుస్తుందమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను.

"దానికేం తెలుస్తుంది మామయ్యా. ఇప్పుడు టైమెంతో చూస్తుంది. వాళ్ళు రాసిచ్చిన తెరిచే టైము దాటిందా, మూసే టైము ఇంకా కాలేదా, ఈ రెండే చూస్తుంది. రెండూ అవునంటే తెరిచి ఉన్నట్టు."

"షట్టరు చూడదా?"

"షట్టరు ఎలా చూస్తుంది మామయ్యా, దానికి కళ్ళుంటేగా!"

పక్క మంచం మీద బావగారు పలక తీసుకుని 'నీకు ఉన్నాయిగా' అని రాసి నాకు చూపించారు. నవ్వడానికే రాశారు. నేను నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి దగ్గర మొదటి పాఠం మొదలుపెట్టాను.

రెండు నెలల పాటు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు బండెక్కి తెనాలి వెళ్ళాను. టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాణ్ణి. షట్టరు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, నిమిషాలతో సహా రాశాను. నేను వెళ్ళని రోజుల్లో కొట్టు ఆవిడకి ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో ఆమెకి అనుమానం వచ్చింది.

"బాబాయ్, మీరేమన్నా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళా?"

"కాదమ్మా, రిటైరైనవాణ్ణి."

"అదే, రిటైరైనోళ్ళు గుడికెళ్తారు, పార్కుకెళ్తారు. మీరేంటి, షట్టర్ ముందు కూర్చుంటారు?"

ఆ రెండు నెలల్లో నాకు తెలిసినవి ఇవి. పదింటికి తెరుస్తారన్నది దాదాపు నిజమే. ఒంటిగంటన్నరకి అతను షట్టరు నడుము దాకా దించి భోజనానికి ఇంటికి పోతాడు, నాలుగింటికి వస్తాడు. లోపల ఒక అమ్మాయి ఉంటుంది. బ్యాటరీలు ఇస్తుంది, మిషను ముట్టుకోదు. సైటు మాత్రం ఆ రెండున్నర గంటలూ తెరిచి ఉందనే చెబుతుంది. మోకాళ్ళు పట్టుకుని షట్టరు కింద నుంచి దూరిన ముసలివాళ్ళని పదకొండు మందిని లెక్కపెట్టాను. అందరినీ నాలుగింటికి రమ్మని పంపేశారు. ఇక అమావాస్య. క్యాలెండర్లో కొన్ని నెలల్లో ఆ తిథి రెండు రోజుల మీద పడుతుంది. అలాంటప్పుడు సూర్యోదయానికి ఏ రోజు తిథి ఉంటే ఆ రోజే అతను సెలవు పాటిస్తాడు.

ఇవన్నీ పెట్టి నేను ఒక పేజీ తయారుచేశాను. అందులో ఒకే ప్రశ్న, ఆ షాపు ఇప్పుడు తెరిచి ఉందా? ఒకే జవాబు. మేనకోడలు ఒక చోట అడ్డుపడింది.

"మామయ్యా, దీనికి అవును, కాదు, రెండే జవాబులు. మూడోది ఉండదు."

"మీ కాలేజీలో ఉండదేమో. బజార్లో ఉంది. సగం షట్టర్."

"ప్రోగ్రాములో సగం షట్టరేంటి మామయ్యా!"

"నువ్వోసారి తెనాలి రా, చూపిస్తా."

చివరికి మూడు జవాబులూ పెట్టించాను. తెరిచి ఉంది, సగం షట్టర్, మూసి ఉంది. అమావాస్యలు ఏడాదికి సరిపడా పంచాంగం చూసి నా చేత్తోనే ఎక్కించాను. మొదటి రోజు పేజీ పొద్దున పదకొండింటికి 'మూసి ఉంది' అంది. ఆ పేజీని ఉంచిన కంప్యూటరు ఏ దేశంలోనో ఉంది, దాని గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక. దానికింకా తెల్లవారలేదు. ఆ గడియారాన్ని నమ్మకుండా మన టైము చూసేలా చేశాం.

తరవాత ఆ పేజీని పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు రిటైరైనవాళ్ళందరూ ఆ గ్రూపులో ఉంటారు. చెవి మిషన్లు పెట్టుకునేది ఎవరు? వాళ్ళే. నెల తిరక్కుండా జనం సైటు చూడటం మానేసి నా పేజీ చూడటం మొదలుపెట్టారు. మధ్యాహ్నం షాపు ముందు ఒక్కరూ కనిపించేవారు కాదు. నాలుగింటికి ఒక్కసారిగా పది మంది వచ్చేవారు. "పేజీలో సగం షట్టర్ అనుంది, అందుకే ఇప్పుడొచ్చాం" అని అతని ముఖం మీదే అన్నారట. టీ కొట్టు ఆవిడ ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

ఇంతవరకు నేను చేసిన దాంట్లో అబద్ధం లేదు. ఇక ముందు ఉంది.

శనివారాల్లో పల్లెల నుంచి జనం మొదటి బళ్ళకే వస్తారని అతను అరగంట ముందుగా, తొమ్మిదిన్నరకే తెరుస్తున్నాడు. ఇది ఆలస్యంగా గమనించాను. పగవాడికైనా లెక్క సరిగ్గా ఉండాలని శనివారానికి 9:30 అని మార్చాను. ఆ శనివారం పదకొండింటికి చూస్తే పేజీ 'మూసి ఉంది' అంటోంది. కొట్టు ఆవిడకి ఫోన్ చేస్తే, షాపు తెరిచే ఉంది బాబాయ్ అంది.

పావుగంటలో కారణం దొరికింది. నేను రాసిన ప్రోగ్రాము టైమును అంకెలుగా కాక అక్షరాలుగా పోలుస్తోంది. నిఘంటువులో మాటల్ని పేర్చినట్టు మొదటి గుర్తును మొదటి గుర్తుతో పోలుస్తుంది. 11:00లో మొదటిది 1, 9:30లో మొదటిది 9. కాబట్టి పదకొండు తొమ్మిదిన్నర కంటే ముందే వస్తుంది. ఆ లెక్కన రోజంతా తొమ్మిదిన్నర కాదు. 09:30 అని ముందు ఒక సున్నా పెడితే సరిపోతుంది. టైమ్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఆ సున్నా పెట్టి రాసిన చెయ్యి ఇది. ఈసారి పెట్టడం మరిచింది.

నేను దిద్దలేదు. డైరీలో ఆ రోజు రెండు వాక్యాలే ఉన్నాయి. 'తప్పు తెలిసింది. దిద్దలేదు.'

రెండో శనివారం కూడా దిద్దలేదు. షాపు వెలవెలబోయిందని తెలిసింది. మూడో శనివారం గ్రూపులో రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో ఉండే ఒకావిడ, రిటైర్డ్ టీచరుగారు, "మిషను పలకడం లేదు, ఇవాళ వెళ్దామనుకున్నా, మూసి ఉందట, సోమవారం వెళ్తాను" అని రాశారు. ఆ మాట చదివాను. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. అయిదు నిమిషాల తరవాత మళ్ళీ తీశాను, జవాబు రాయలేదు, మళ్ళీ బోర్లా పెట్టాను. నాకు కావలసింది అతను నా గుమ్మం ఎక్కి ఆ రోజు తప్పు తనదేనని మా ఆవిడతో చెప్పడం. అది జరిగేదాకా ఎవరు ఇబ్బంది పడినా సరే అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

మర్నాడు ఆదివారం, అతనికి సెలవు. పేజీ ఎవరిదో గ్రూపులో వాళ్ళని అడిగి, పదిన్నరకి మోటారు సైకిలు మీద రేపల్లె వచ్చి మా గేటు ముందు దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. నుదుటి మీద చెమట. మా ఆవిడ వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమెకి నమస్కారం పెట్టి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్దాయనా, శనివారం మేం తెరిచే ఉంటున్నామండి. మీ పేజీ మూసి ఉందంటోంది. మూడు వారాలుగా ఒక్కళ్ళూ రావట్లేదు."

"అది కంప్యూటర్ చెప్పిందండి, నేను కాదు" అన్నాను.

అతను నా వైపు చూశాడు. గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది. వచ్చింది.

"వాళ్ళు ఒక ఫోన్ కొట్టి రావాల్సింది" అని కూడా అన్నాను.

"ఆ అమావాస్య రోజు ఫోన్ చేసింది మీరే కదండి?"

"మేమే."

అతను తల దించుకున్నాడు. "ఆ రోజు మా అమ్మకి భయపడ్డానండి. తాళం తీస్తే ఇంట్లో గొడవ. అదేదో మీతో చెప్పినా బాగుండేది. నోటికొచ్చినట్టు మాట్లాడాను. తప్పు నాదే."

"నాతో కాదు" అని మా ఆవిడని చూపించాను. "వినాల్సింది ఆవిడ. విననిదీ ఆవిడే."

అతను లేచి ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, ఆ రోజు నేను షాపు తీసి ఉండాల్సిందండి. తప్పు నాదే."

ఆమె చిక్కుడుకాయ పట్టుకుని తలెత్తింది. "ఏంటి బాబూ?"

"ఆ రోజు తప్పు నాదేనండి!"

"గట్టిగా చెప్పు నాయనా."

"మీ అన్నయ్యగారు పాడిన రోజు! మిషను బాగుచెయ్యనిది నేను! తప్పు నాది!" ఎదురింటి వాళ్ళు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పక్కింట్లో మిక్సీ ఆగింది.

మా ఆవిడ ఈనె తీసి గిన్నెలో వేసింది. "మొదటిసారే వినపడింది. నీ మిషను బాగానే పనిచేస్తోంది" అంది. "మజ్జిగ తాగుతావా?"

అతను తాగాడు. వెళ్ళేటప్పుడు శనివారం సంగతి అడిగితే చూస్తానన్నాను.

సాయంత్రం మా ఆవిడ నన్ను అడిగింది. "శనివారం సంగతి మీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"ఎన్ని శనివారాలు?"

"మూడు."

గ్రూపులో టీచరుగారు రాసింది నేనే చదివి వినిపించాను.

"ఆవిడ ఏం వినడానికి మిషను బాగుచేయించుకోబోయారో అడిగారా?"

"లేదు."

"అడగండి. నాముందే అడగండి."

సోమవారం సాయంత్రం, ఆవిడ తెనాలి వెళ్ళొచ్చి ఉంటారని చూసుకుని ఫోన్ చేశాను. పేజీ నాది, తప్పు నాది, తెలిసీ ఉంచాను అని వరసగా చెప్పాను. ఆ శనివారం ఏమన్నా వినలేకపోయారా అని అడిగాను. ఆవిడ గట్టిగా నవ్వారు. "ఏం వింటానండీ! మా కోడలు రెండు రోజులు సణిగింది, హాయిగా వినపడలేదు. ఇంకో వారం అలాగే ఉంచాల్సింది మీరు."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడకి చెప్పాను. ఆమె నవ్వలేదు. "అదృష్టవంతులు" అంది. టీచరుగారినో నన్నో చెప్పలేదు.

నన్నే అనుకుంటాను. అతను చేసిందీ నేను చేసిందీ పక్కపక్కన పెడితే నాదే ఎక్కువ. అతనికి ఆ సైటు తప్పని తెలియదు, నాకు తెలుసు. అతను చేసిన దానికి మా ఆవిడకి ఒక గొంతు దక్కకుండా పోయింది. నేను చేసిన దానికి ఒక కోడలి సణుగుడు పోయింది. అందులో నా గొప్పేమీ లేదు.

అలాగని అతని మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. చెప్పాల్సిన మాట చెప్పాడు, మూడుసార్లు చెప్పాడు. బావగారు మాత్రం ఇప్పటికీ పలక మీదే మాట్లాడుతున్నారు. ఆ సోమవారమే శనివారం వరసలో సున్నా పెట్టాను. ఆ తరవాతి శనివారం తొమ్మిది ముప్ఫై రెండుకి పేజీ తెరిచి ఉందంది, కొట్టు ఆవిడా తెరిచారంది. పోయిన అమావాస్యకి పేజీ మూసి ఉందంది. అతని సైటులో కూడా ఈమధ్య అమావాస్య సెలవు అని ఒక వరస చేర్చాడు. అయినా కొట్టు ఆవిడకి ఫోన్ చేసి అడిగాను. రెండు తాళాలూ వేసే ఉన్నాయి బాబాయ్ అంది. డైరీలో వేళ వేసి రాసుకున్నాను.